పుటల అంచున పడవ

గ్రంథాలయం నేలమాళిగలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టే పని ఆమెది. అందరూ బైండింగక్క అనేవారు. తల్లి పోయాక ఇంట్లో పలకరించే గొంతు లేదు. పనిచేసే చోట జిగురుగిన్నె, సూది, దారం. అలవాటైపోయిందని పైకి అనేది గానీ, మధ్యాహ్నం అన్నం డబ్బా సగంలోనే మూసేసేది.

ఒకరోజు లావుపాటి పాత నిఘంటువు వచ్చింది. అంచులు మాసిపోయాయి, కోసెయ్యమని చీటీ. కత్తి కింద పెట్టేముందు పేజీలను ఒక పక్కకు వంచి చూసింది. చెయ్యి ఆగిపోయింది. పుటల అంచుల మీద నది, పడవ, అందులో గొడుగు పట్టుకున్న మనిషి! మూసింది, మాయం. వంచింది, మళ్లీ పడవ.

ఒక్క పరుగున మెట్లెక్కి లైబ్రేరియన్‌కు చూపించింది.

"బాగుందమ్మా. అయితే కొయ్యకుండా కుట్టెయ్," అని ఆయన ఫైల్లో తల దూర్చాడు.

తమ్ముడికి ఫోన్ చేసింది.

"పుస్తకంలో బొమ్మలుండక ఇంకేముంటాయక్కా?"

"లోపల కాదురా, అంచు మీద!"

"సరేలే, మళ్లీ చేస్తా."

చెయ్యలేదు.

చెప్పుకునే దిక్కులేని సంతోషం మనిషిని నిలవనివ్వదు. ఆ విద్య తనే పట్టాలనుకుంది. వంచిన పుటలను రెండు చెక్కల మధ్య బిగించి, తడి ఆరీ ఆరని కుంచెతో రంగు తాకించేది. తడి ఎక్కువైతే కాగితాలు అతుక్కుపోయేవి. పాత కాగితాలు దస్తాలకు దస్తాలు తగలేశాక చెయ్యి తిరిగింది. పుస్తకాల మీద వెయ్యనా అని అడిగితే, "మూస్తే కనబడదు కదా, నీ ఇష్టం," అన్నాడు లైబ్రేరియన్. అప్పట్నుంచి మరమ్మతుకు వచ్చిన పుస్తకాల అంచుల్లో, నేలమాళిగ కిటికీలోంచి తనకు కనబడేవి వేసింది: బాటసారుల కాళ్లు, చెప్పులు, చక్రాలు.

ఆరేళ్లలో ఒక్కరూ వాటి ఊసెత్తలేదు.

ఆ తర్వాత ఒక తోటపని పుస్తకం వెన్ను విరిగి తిరిగొచ్చింది. వంచితే తను వేసిన కాళ్లు అలాగే ఉన్నాయి. ఎందుకో రెండో వైపుకూ వంచింది. అక్కడ పెన్సిల్‌తో, వంకరటింకరగా ఇంకో పాదం! దానికి ఆరు వేళ్లు.

పకపకా నవ్వింది. ఆ గదిలో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

"పన్నెండుమంది తీసుకెళ్లారక్కా. ఎవరో కనుక్కోనా?" అంది పైన కౌంటర్లో అమ్మాయి, ఆ పాదం చూసి రిజిస్టరు తిరగేస్తూ.

"వద్దులేమ్మా. అడిగితే తప్పు చేశామేమోనని భయపడతారు."

ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోయి దాచుకోవాలనిపించింది. రెండ్రోజులు బల్ల సొరుగులోనే ఉంచింది కూడా. మూడోరోజు వెన్ను కుట్టి, అట్ట వేసి, తనే వెళ్లి అరలో పెట్టివచ్చింది. గీసినవాళ్లు వచ్చి వెతుక్కుంటే?