ఎడమ లైటే వెలిగింది

నేను చదివింది మూడో తరగతి. వాక్యాలు వంకరగా ఉంటాయి, అక్షరాలు తప్పిపోతాయి, ఏమీ అనుకోకండి. పదిహేనేళ్ళుగా గుండెల్లో మోస్తున్న మాట ఇది. మీకు కాక ఎవరికి చెప్పను?

చల్లపల్లిలో నాది మెకానిక్ షాపు. పని బాగా వచ్చు, అందులో అనుమానం లేదు. అప్పట్లో మలుపు తిరగాలంటే చెయ్యి చూపించడమే. మలుపు లైట్లున్న మోటారుసైకిలు మా వైపు ఒక్కటే, దివిసీమ ఊళ్ళన్నీ తిరిగే పాస్టరు గారిది. ఏరు దాటించే పంటు ఎక్కినప్పుడు దాని కమ్మీలకు రాసుకుని హ్యాండిల్ మీది ముందు లైట్లు పగులుతున్నాయని, వాటిని కిందికి మార్చమన్నారు.

బండికి ఎదురుగా కూర్చుని, హెడ్‌లైటు కింద బిగించాను. ఎదురుగా కూర్చుంటే నా కుడి బండికి ఎడమ. అది మరిచి వైర్లు కలిపాను. స్విచ్ వేస్తే వెలిగాయి, సంతోషపడ్డాను. ఏ వైపుది వెలిగిందో ఎందుకు చూడలేదు? పైనుంటే ఆయనకైనా కనబడేవి. కిందికి దించాక ఆయనకూ కనబడలేదు.

వారం తిరగకుండానే, కుడివైపు సందులోకి తిరుగుతూ ఆయన, మా వైపు చేపలమ్ముతూ నన్ను వరసపెట్టి బావా అని పిలిచే నాగుల్ని గుద్దారు. నాగులు సైకిలు మీద ఎదురొస్తున్నాడు, వెనక చేపల బుట్ట. కాలు విరిగింది. లైటు ఎడమకి చూపిస్తే నేరుగా వచ్చానన్నాడు. కుడికే స్విచ్ వేశానన్నారు పాస్టరు గారు. ఇద్దరూ నిజమే చెప్పారు.

బండి నా షాపుకే వచ్చింది. చూడగానే అర్థమైంది. ఎవరూ రాకముందే వైర్లు సరిగ్గా మార్చేశాను.

తగవు తేల్చడానికి పెద్దమనుషులు వచ్చారు. నాగుల్ని ఇద్దరు ఎత్తుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. కుడికి స్విచ్ వేశాను. కుడి లైటే వెలిగింది.

"ఆ రోజు పొద్దున్నే ఏసుకొచ్చావేంట్రా నాగులూ? తాగినోడికి కుడేంటి, ఎడమేంటి!" అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

నాగులు వాళ్ళను చూడలేదు. నన్నే చూశాడు.

"బావా, దీన్ని నువ్వేమన్నా కదిపావా?"

"నేనేం కదుపుతాను? వంగిన రేకు కొట్టాను, అంతే."

"అయితే నా కళ్ళే పోయాయంటావా?"

నేను స్విచ్ ఆపేశాను.

కాలు అతుక్కుంది. మాట అతుక్కోలేదు. చేపలమ్మేవాడికి మాటే కదా బేరం? "ఇవాళ్టి చేపేనా, లేక నీ ఎడమ లైటా?" అని ఆడవాళ్ళు వీధి గుమ్మంలోంచే పంపించేసేవారు. ఏడాది తిరగకుండా మా వైపు రావడం మానేసి, కృత్తివెన్ను వెళ్ళిపోయాడు. ఒకసారి బందరు బస్టాండులో కనబడి, "బాగున్నావా బావా" అని తనే పలకరించాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఏమడ్డొచ్చింది? మంచి మెకానిక్కునన్న పేరే అడ్డొచ్చింది.

అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నాగులు తాగలేదు, అబద్ధమాడలేదు. ఆ రోజు ఎడమ లైటే వెలిగింది. తప్పుగా కలిపింది నేను, తర్వాత సరిచేసి దాచిందీ నేనే. ఇంతవరకు రాశాక ఛాతీలో బరువు కొంచెం తగ్గింది. నాగులికి ఏం తగ్గిందో నాకు తెలియదు.

నా రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి, మన్నించండి.