సున్న దగ్గర ఆగిన ముల్లు

పది గంటలకు కరెంటాఫీసులో సామాన్ల తనిఖీ. అప్పటికి మీటరు బీరువాలో లేకపోతే లైన్‌మన్ ఈరప్ప ఉద్యోగం పోతుంది. తీగలో కరెంటు ఉందో లేదో చూసే ఆ మీటరును నిన్న స్తంభం మీద నుంచి జారవిడిచింది అతడే. ఇప్పుడు తొమ్మిదింబావు.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి రెండేళ్లు. ఊరినిండా కొత్త ఆఫీసులు, వాటి నిండా కొత్త సామాన్లు. పాడైతే విప్పే ధైర్యం ఉన్నవాడు మాత్రం కల్లూరు ప్రేమయ్య ఒక్కడే. ఐదో తరగతితో బడి మానేసి, చర్చి గడియారం విప్పుతూ బిగిస్తూ పని నేర్చుకున్నాడు. గడియారాల నుంచి రేడియోలకు, రేడియోల నుంచి మీటర్లకు వచ్చాడు. నేర్పినవాళ్లు ఎవరూ లేరు.

దుమ్ము రాకుండా తలుపుకు తడి గోనెపట్టా కట్టి, ఈరప్ప తెచ్చిన మీటరు ముందే పొద్దున్నుంచీ అంగట్లో కూర్చున్నాడు. ఈరప్ప పక్కనే ఉన్నాడు. లోపల వెంట్రుకంత సన్నని స్ప్రింగు నలిగి, చుట్టుకు చుట్టు అంటుకుపోయింది. ఊపిరి బిగబట్టి, ఇత్తడి పట్టకారు మొనతో ఒక్కో చుట్టూ విడదీశాడు. టార్చి సెల్లు తగిలిస్తే ముల్లు లేచింది. తీస్తే సున్నకు వచ్చింది. ఈరప్ప చేతులు జోడించాడు.

"ఉండప్పా," అని ప్రేమయ్య మళ్లీ తగిలించాడు. మళ్లీ. ఐదోసారి ముల్లు సున్న దగ్గరే నిలిచిపోయింది. డబ్బా మీద వేలితో తడితే గాని లేవలేదు.

"ఐదుసార్లకు ఒగసారే కదన్నా. మూత బిగించియ్యి. తనిఖీ అయినంక చూడొచ్చు."

"అయినంక మళ్లా ఈడికి తెస్తావా?"

ఈరప్ప మీటరు మూతను అతడి వైపు జరిపాడు.

"ఆ ఒగసారి ఎవుడో స్తంభమెక్కి ఉంటాడు. ముల్లు సున్న మీదుండాది, కరెంటు లేదనుకోని తీగ పట్టుకుంటాడు. వాడు నువ్వే కావచ్చు."

"పని పోతే నా పిల్లోళ్లకు నువ్వు పెడతావా కూడు?"

"నోరు మూసుకోని కూచో. నీ మాటల గాలి స్ప్రింగుకు తగుల్తాండాది."

మళ్లీ విప్పాడు. భూతద్దంతో అయస్కాంతం సందులో వెతికితే కనపడింది, నలుసంత ఇనుప రజను. ఎక్కడిదో చూడగానే తెలిసింది. పొద్దున ఇదే బల్ల మీద ఆకురాయితో స్క్రూడ్రైవరు మొన అరగదీశాడు. వీధి దుమ్ముకు గోనె కట్టి, ఇనుమును తన చేత్తోనే లోపల చల్లుకున్నాడు.

"యాడిదన్నా అది?"

"నాదే. నేనే ఏసినా."

పట్టకారు ఆ సందులో దూరదు. ఇనుప సూది పెడితే అయస్కాంతం లాక్కుని స్ప్రింగును మళ్లీ నలిపేస్తుంది. చీపురుపుల్లను చీల్చి, కొనకు తుమ్మబంక అద్ది, సందులోకి దించాడు. మొదటిసారి జారిపోయింది. రెండోసారి నలుసు పుల్లకు అంటుకుని వచ్చింది.

తొమ్మిదీ నలభై. ఈరప్ప అప్పటికే మీటరు మూట కట్టుకుపోవడానికి తువ్వాలు పరిచి నిలబడ్డాడు. ప్రేమయ్య సెల్లు ఇరవైసార్లు తగిలించి, ఇరవైసార్లు తీశాడు. ముల్లు ఒక్కసారి కూడా తడబడలేదు. అప్పుడు మూత బిగించాడు.

తనిఖీవాళ్లు రెండో బీరువా దగ్గర ఉండగా మూడో దాంట్లో మీటరు పెట్టానని సాయంత్రం ఈరప్ప వచ్చి చెప్పాడు. ఆ వేళకు ప్రేమయ్య ఆకురాయిని బయట వసారాలో మేకుకు కట్టేస్తున్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత అంగడి మూసేదాకా అది గడప దాటి లోపలికి రాలేదు.