మా ఇంట్లో సాయంత్రం తెల్లవారేది

మా ఆయన ఐసీయూలో కళ్లు తెరవకుండా పడి ఉన్న రోజుల్లో నాతో ఎవరు ఎలా మాట్లాడారో ఒక్క మాట కూడా నేను మరిచిపోలేదు. పోనీలే, వదిలేయమని చాలామంది చెప్పారు. అలా చెప్పినవాళ్లెవరూ ఆ అద్దాల తలుపు బయట నిలబడినవాళ్లు కారు.

న్యుమోనియా. మామూలు జ్వరమే అనుకున్నాం. ఊపిరి అందక కొత్తగూడ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. గొట్టాన్ని తట్టుకోవాలంటే మత్తులో ఉంచాలన్నారు. ఊపిరితిత్తులు కొంచెం తేరుకున్నాక రోజూ పొద్దున్నే ఆ మత్తుమందు ఆపి చూసేవారు. మనిషి మేలుకుని, చెప్పిన మాట వింటే గొట్టం తీసేస్తారు. మా ఆయన మేలుకోలేదు. మరునాడూ అంతే. ఆ మరునాడు డ్యూటీ డాక్టరు నన్నూ మా మరిదినీ పిలిచాడు. కోస్తా వైపు మనిషి, మాట మెత్తగానే ఉంటుంది.

"మెదడుకేమైనా దెబ్బ తగిలిందేమో స్కాన్ చేద్దామండి. ఇలాగే ఉంటే గొంతుకి బయటినుంచి రంధ్రం చేసి గొట్టం అక్కడ పెట్టాల్సొస్తుంది. రేపు మీరు సంతకం పెట్టాలండి."

సంతకం సంగతి రేపు చూద్దామన్నాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఆయనది నానక్‌రామ్‌గూడ టవర్లలో రాత్రి ఉద్యోగం. అమెరికా కంపెనీల కంప్యూటర్లు రాత్రంతా కనిపెట్టుకుని ఉండడం. మా పెళ్లికి ముందునుంచీ అదే షిఫ్టు. ఎండ ఎక్కేవేళకు ఇంటికొచ్చి, తిని పడుకుంటే మళ్లీ లేచేది సాయంత్రమే. మా పడకగదికి నల్లటి మందపు కర్టెన్లు. పై అంతస్తు ఆవిడ మధ్యాహ్నంపూట గోడకు డ్రిల్లింగ్ పెట్టిస్తే పైకెళ్లి పోట్లాడి వచ్చాను. "పగటిపూట పండేటోళ్ల కోసం బిల్డింగంత నోరు మూసుకోవాల్నా?" అంది అపార్ట్‌మెంట్ మీటింగులో. ఇప్పటికీ ఆవిడ లిఫ్టులో ఉంటే నేను మెట్లెక్కుతాను.

మా అత్తగారింట్లో మాత్రం ఆ రాత్రి డ్యూటీ మాట ఎత్తకూడదు. ఎప్పుడో ఒక దావత్‌లో వాళ్ల పెద్దబాపు, అంటే పెదనాన్న, "రాత్రంత మేలుకునుడేంది బిడ్డా, సాఫ్ట్‌వేరా, వాచ్‌మనా?" అంటే పంక్తి మొత్తం నవ్విందట. అప్పటినుంచి ఎవరడిగినా మావాడిది పొద్దున డ్యూటీ అనే చెప్తారు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు నర్సు నిద్ర ఎట్లుంటదని అడిగితే మా మరిది అదే అలవాటున "పది గొట్టంగనే పంటడు మేడం, తాగుడు గీగుడు ఏం లేదు" అని చెప్పాడు. కారు ఎక్కడ పెట్టాలో తెలియక నేను అప్పుడు కింద సెక్యూరిటీవాడితో గొడవలో ఉన్నాను. ఈ సంగతి నాకు తెలిసేసరికి అన్ని రోజులు గడిచాయి.

తెలిసింది కూడా, డాక్టరు సంతకం అడిగిన ఆ సాయంత్రమే. చూడడానికి ఒక్కరినే లోపలికి పంపుతారు. వెళ్లేసరికి ఆయన కనురెప్పలు అదురుతున్నాయి. మంచానికి కట్టిన చెయ్యి బెల్టును లాగుతోంది. నర్సు లింగంపల్లి వైపు అమ్మాయి, మత్తుమందు ఎక్కించే సిరంజి పంపు దగ్గర నిలబడి ఉంది.

"రోజూ గిట్లనే చేస్తడు మేడం. పొద్దంత సప్పుడుండదు. పొద్దుగూకినంక ఒకటే గుంజుడు. గొట్టం పీకేస్కుంటడేమోనని డాక్టర్ సార్‌ను అడిగి రాత్రికి మందు జర పెంచుతం."

మంచం కమ్మీ పట్టుకున్నాను.

"ఆయనకు పొద్దున అయ్యేదే ఇప్పుడు సిస్టర్! లేసే టైంకు మందు పెంచి, పండే టైంకు లేపి, లేస్తలేడంటున్రు!"

విషయం చెప్పాను. ఆ అమ్మాయి కేసు షీటు తిరగేసింది. "మరి పది గొట్టంగనే పంటడని మీ మరిది చెప్పిండు గదా?"

నర్సు పిలిస్తే వచ్చిన డ్యూటీ డాక్టరు ఒప్పుకోలేదు. "ఇంత మత్తులో ఉన్నవాళ్లకి పగలూ రాత్రీ ఏం తెలుస్తుందండి? ఉదయమైతే పెద్ద డాక్టర్లంతా ఉంటారు. ఏదైనా తేడా వస్తే అందుబాటులో ఉంటారనే అప్పుడు చేస్తాం."

"ఆయన ఎప్పుడు లేస్తడో మీకెట్ల తెలుసు? మీరేమన్న ఆయనతోని సంసారం జేసిన్రా?"

గొడవ విని లోపలికొచ్చిన మా మరిది నా మోచెయ్యి లాగాడు. "వదినా, ఏంది గిది? డాక్టర్లతోని లొల్లి పెట్టుకుంటె ఎట్ల? వాళ్లకు తెల్వదా?"

"నీకు తెలిసింది నువ్వు చెప్పినవ్ గద, ఇగ ఊకో."

"బయట వెయిట్ చెయ్యండమ్మా" అని డాక్టరు చేతిలోని పెన్నుతో తలుపు చూపించాడు. మాటతో కాదు, పెన్నుతో. స్కాన్ చేసుకోండి, గొంతుకు రంధ్రం మాత్రం ఒక్క సాయంత్రం మందు ఆపి చూశాకే అన్నాను. ఆలస్యమైతే మంచిది కాదు, తర్వాత మమ్మల్ని అనొద్దన్నాడు. ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. నేను పొరపడితే? లేవని మనిషికి నా మొండితనం వల్ల ఇంకేదైనా జరిగితే? అలా అనుకున్నానని ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

మరునాడు స్కాన్‌లో ఏమీ లేదన్నారు. నా మాటను పెద్ద డాక్టరుకు చేరవేసింది ఆ నర్సే. ఆయన సరే, ఒక్కసారి చూద్దామన్నాడట. స్కాన్ అయ్యాక పగలంతా ఆమె మంచం చుట్టూ తెర లాగి, తల మీది లైటు ఆర్పేసింది. రక్తం తీయడం, పక్క మార్చడం, నోరు శుభ్రం చేయడం అన్నీ ఒక్కసారే ముగించి మళ్లీ ముట్టుకోలేదు. పొద్దు వాలగానే తెర తీసి లైట్లన్నీ వేసి, చేతి బెల్టు విప్పి, మందు ఆపింది. నన్ను లోపలికి రానిచ్చారు. గొట్టం లాగేసుకుంటే ఊపిరి ఆగుతుందని డ్యూటీ డాక్టరు కూడా పక్కనే ఉన్నాడు.

ఏమీ కాలేదు. మెషిన్ మీద గుండె అంకె మాత్రం పెరుగుతూ పోయింది. ఆయన నుదుటిన చెమట పట్టింది, కళ్లు మాత్రం తెరవడు.

"ఇంకొంచెం చూసి మళ్లీ మందు మొదలుపెడదామండి" అని డాక్టరు పంపు దగ్గరికి నడిచాడు.

"మాట్లాడు అక్కా" అంది నర్సు. "ఇంట్ల ఎట్ల లేపుతవో గట్లనే లేపు."

ఇంట్లో నేనేమీ ముద్దుగా లేపను. "లేస్తవా లేదా? ఎన్నిసార్లు లేపాలె? క్యాబోడు కింద హారన్ కొడ్తె మల్ల పైనామె నా మీదికి లొల్లికొస్తది!" అని గట్టిగా అరిచాను. పక్క మంచం దగ్గరి నర్సు తిరిగి చూసింది.

కళ్లు తెరిచాడు. తెరవగానే దగ్గు, ఒళ్లంతా కుదుపు. చెయ్యి గొట్టం మీదికి లేచింది. డాక్టరు వేళ్లు పంపు మీదున్నాయి. నర్సు ఆ చేతిని అందుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"సార్, గొట్టం ముట్టకుండ్రి. ఫికర్ లేదు, దవాఖానల ఉన్నరు. నా చెయ్యి గట్టిగ పట్టుకోండ్రి."

పట్టుకున్నాడు.

"ఇగ వదలండ్రి."

వదిలాడు. డాక్టరు పంపు మీదినుంచి చెయ్యి తీసేశాడు.

ఊపిరి తనంతట తానే తీసుకుంటున్నాడని చూసుకుని మరుసటి సాయంత్రం గొట్టం తీసేశారు. వరండాలో డాక్టరు మా మరిదితో, "మందు టైమింగ్ మార్చామండి, బాగా పనిచేసింది" అన్నాడు. మార్చామట. నేను మధ్యలోనే నిలబడి ఉన్నాను. జరిగిందంతా రాసి ఆ ఆసుపత్రికి తర్వాత రెండు మెయిళ్లు పెట్టాను. జవాబు లేదు, మూడోది పెడతాను.

లోపలికి వెళ్తే ఆయన గీరుకుపోయిన గొంతుతో చాయ్ అడిగాడు. ఇప్పుడే ఏమీ తాగకూడదంది నర్సు. ఆయన ఆమె వైపు చూడనైనా లేదు. చాయ్ ఆలస్యమైన సాయంత్రాల్లో ఎలా చూసేవాడో అలాగే, తప్పంతా నాదేనన్నట్టు, నా వైపు గుర్రుగా చూశాడు.

నేనూ అలాగే చూశాను. చూపు తిప్పుకోలేదు, ఆయనా తిప్పుకోలేదు.