ప్లైవుడ్‌కి అవతల

అబూ హలీఫాలోని మా ఇంట్లో మా అమ్మాయి ఫ్రెంచి క్రియల మూలరూపాలు గొణుక్కుంటూ చదువుతోంది. పార్లే, ఫినీర్, వాండ్ర్. మాట్లాడటం, ముగించడం, అమ్మడం. వింటుంటే నా చూపు గోడ మీదికి పోతుంది.

నేను అవి నేర్చుకున్నది చిన్నప్పుడు, ఇదే గల్ఫ్ దేశంలోని ఖైతాన్‌లో, ప్లైవుడ్ అడ్డుపెట్టి రెండు కుటుంబాలు పంచుకున్న ఫ్లాట్‌లో. అవతల కడప దంపతులుండేవారు. సాయంత్రం పని నుంచి రాగానే ఆయన బెల్టు తీసేవాడు. ఆమెను చెక్కకేసి కొడితే మా గిన్నెలు కిందపడేవి. ఆమె తనకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అంటే కఫీల్, ఇంటి నుంచి పారిపోయి వచ్చిన మనిషి. పోలీసులొస్తే ముందు ఆమెనే పట్టుకుపోతారు.

"గట్టిగా చదవవే! ఇంకా గట్టిగా!" అని అమ్మ నా మీద అరిచేది. పరీక్షల కోసమనుకుని గొంతు చించుకునేదాన్ని. పక్కన పిల్ల ఉందన్న సిగ్గో ఏమో, కాసేపటికి బెల్టు ఆగేది.

ఒకరోజు గొంతు నొప్పని మధ్యలో మానేశాను. మర్నాడు ఆమె మెట్ల మీద కనిపించింది. పెదవి చిట్లి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. నా చేతిలో ఖర్జూరాలు పెట్టి, "ఏం పాపా, నిన్న అంత తొందరగా ఆపేస్తివే? ఇంగాసేపు సదవగూడదా?" అంది.

ఆమెకీ ఫ్రెంచి నచ్చిందని ఎంత పొంగిపోయానో!

మా అమ్మాయిని మాత్రం గట్టిగా చదవమని ఇంతవరకూ అనలేదు.