గేటు మీది బోర్డు

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. జడ్జి అడగలేదు, మా వకీలు అడగలేదు, నా భార్య వాళ్లన్నయ్య సంగతి సరేసరి. అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాడిని. చెప్పేవాడినా? ఏమో. అడగనందుకు వాళ్ల మీద కోపం, చెప్పనందుకు గుండెలో బరువు. రెండూ మోస్తూనే ఉన్నాను. మీరైనా వినండి.

కొత్తపేటలో మేం కిరాయికి దిగిన ఇంటి గేటుకు 'లేడీస్ టైలర్' అని బోర్డు ఉండేది. ముందున్నవాళ్లు వదిలేసి పోయింది.

"అది పీకేయండీ. రోజూ ఎవరో ఒకరు జాకెట్ ముక్క పట్టుకుని తలుపు కొడుతున్నారు. నాకు గుండీ కుట్టడమే రాదాయె" అంది నా భార్య.

"ఉండనియ్. కరుస్తదా ఏంది?" అన్నాను.

ఆమెది కోస్తా. నాది ఇక్కడే, మన్సూరాబాద్. తెలంగాణ ఉద్యమం రోజులు. ఎల్బీనగర్‌లో వాళ్ల అన్న గృహప్రవేశానికి బంద్ రోజునే నడిచి వెళ్లాను. "ఏంది బావా, ఎట్లొస్తివి? బంద్ మీదే, నడకా మీదేనా?" అని అతను నా యాసను వెక్కిరించాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మిగతావాళ్ల నవ్వు మరిచిపోయాను. ఆమెది మరవలేదు. తర్వాతి తగాదాలన్నీ ఆ నవ్వు చుట్టూ పెరిగినవే.

నేను ఇల్లు వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకున్నాను. విడాకుల కేసు తేలేదాకా బతకడానికి భరణం ఇప్పించమని ఆమె కోర్టును అడిగింది. భార్యకు సంపాదన ఉంటే భరణం తగ్గుతుందని మా వకీలు చెప్పాడు. వెళ్లి ఆ బోర్డు ఫొటో తీశాను. ఆమె బట్టలు కుట్టి సంపాదిస్తోందని ప్రమాణం చేసి రాసిచ్చాను.

విచారణ రోజు ఆమె వకీలు, ఉద్యమం కోసం లాయర్లు చేస్తున్న కోర్టు బహిష్కరణలో ఉన్నాడు. ఒక్కతే నిలబడింది.

"బోర్డు మీది కాకపోతే ఎందుకు తీయలేదమ్మా?" అన్నాడు జడ్జి.

"తీసేయమని చెప్పానండీ."

"ఎవరికి?"

ఆమె నా వైపు చూసింది. ఏమీ అనలేదు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

అడిగినదాంట్లో పావు వంతు కూడా రాలేదు. విడాకులయ్యాక ఇవ్వాల్సిన భరణం కూడా ఆ సంపాదనను లెక్కలో వేసుకునే ఖాయం చేశారు. నెల తప్పకుండా కడుతున్నానని గొప్పగా చెప్పుకు తిరిగాను.

మొన్న రైతుబజార్‌కు పోతూ కొత్తపేటలో ఆ పాత ఇంటి వీధిలోంచి వెళ్లాను. అదే బోర్డు, కొత్త రంగు. లోపల మిషన్ ముందు ఆమె. కళ్లద్దాలు జారిపోతుంటే సూదిలోకి దారం ఎక్కిస్తోంది. గుండీ కుట్టడం రానిది. నా అబద్ధాన్నే నిజం చేసుకుని బతికింది. గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చాను.

క్షమించమని అడగను. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. అయినా చెప్పేశాను, ఊపిరి కాస్త ఆడుతోంది.

ఒక్కదానికి మాత్రం నువ్వు జవాబు చెప్పాలి. ఎవరికి చెప్పావని జడ్జి అడిగినప్పుడు "ఈయనకే" అని నా వైపు వేలు చూపిస్తే సరిపోయేది. ఎందుకు చూపించలేదు? ఇప్పుడైనా చెప్పు.