నాయన జబ్బు అసలు పేరు

తోటపల్లి గూడూరులో నాకొక చిన్న లాబ్ ఉంది. రొయ్యల గుంటలున్న రైతులు నీళ్ళూ, నాలుగు రొయ్యలూ తెచ్చిస్తే మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, రోగం ఉందో లేదో చెబుతాను. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఈ పనిలో ఉన్నవాడికి ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. మందులమ్మేవాడు రోగం ఉందంటాడు. సరుకు కొనేవాడు సైజు రాలేదంటాడు. నేనూ అంత శుద్ధుణ్ణి కాదు. మొదట్లో, గుంట బాగానే ఉన్నా, మందుల షాపువాళ్ళ మొహమాటానికి "ముందుజాగ్రత్తగా ఒక డబ్బా చల్లించండి" అని రాసిచ్చిన రోజులున్నాయి.

అందుకే నెల్లూరులో డాక్టరు నోటి నుంచి "ముందుజాగ్రత్త" అనే మాట వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది.

అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. విరేచనంలో రక్తం కనబడుతుంటే మొలలనుకున్నాను. ఎండాకాలం, రోజంతా గుంటల గట్ల మీద తిరుగుడు, వేడి చేసిందని మజ్జిగ తాగాను, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. రెండు నెలలైనా తగ్గలేదు. నా భార్యకు తెలిసి, మారు మాట్లాడనివ్వకుండా ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు నెమ్మదస్తుడు. మొలలున్న మాట నిజమేగానీ ఈ వయసులో పెద్దపేగు కూడా ఒకసారి కెమెరాతో చూడాలన్నాడు. మీ ఇంట్లో ఎవరికైనా పేగు జబ్బు వచ్చిందా అని అడిగాడు. లేదన్నాను. పరీక్షలకు రాసేవాళ్ళందరూ ఇలాగే మొదలుపెడతారని మనసులో అనుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున్నే పొడి కలిపిన నీళ్ళు రెండు లీటర్లు తాగి, పేగు కడిగిన గాజు గొట్టంలా అయ్యేదాకా బాత్రూముకు తిరిగాను. మత్తిచ్చారు. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. డాక్టరు రంగుల ఫొటోలు చూపించాడు. తడిగా మెరుస్తున్న గులాబీ రంగు గోడ, దాని మీద పులిపిరిలాంటి బుడిపె. అలాంటివి రెండున్నాయట. వాటిని పాలిప్స్ అంటారనీ, తీగతో ఉచ్చు వేసి తెంపి తీసేశామనీ చెప్పాడు. ఆ ఫొటోలు నావేనా, అందరికీ చూపించేవా అని నాకు అనుమానం. మూలన నా పేరుందో లేదో కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చూశాను. ఉంది.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. రెండింట్లో ఒకటి అడెనోమా. అది క్యాన్సర్ కాదనీ, అయితే అలాంటివాటిని వదిలేస్తే ఏళ్ళ మీద పెరిగి కొన్ని క్యాన్సర్‌గా మారతాయనీ డాక్టరు వివరంగా చెప్పాడు. తీసేసినదానితో పేచీ లేదుగానీ, ఒకసారి మొలిచిన పేగులో మళ్ళీ మొలిచే అవకాశం ఎక్కువ కాబట్టి, ముందుజాగ్రత్తగా మూడేళ్ళ తర్వాత మళ్ళీ చూసుకోవాలన్నాడు.

రోగం లేదంటూనే మళ్ళీ రమ్మనడం నాకు బాగా తెలిసిన విద్య. అందుకే నా పేగు ముక్క పెట్టిన గాజు స్లైడు ఇవ్వమని అడిగాను. అక్కడున్న అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. సంతకాలు పెట్టించుకుని ఇచ్చింది. దాన్ని లాబ్‌కు తెచ్చి, తలుపు దగ్గరికి వేసి, నా మైక్రోస్కోపు కిందే పెట్టుకున్నాను. గులాబీ, ఊదా రంగుల్లో వరసలు వరసలుగా గదులు. గంటసేపు చూశాను. రొయ్య పేగు చూస్తే అది ముందురోజు మేత తిన్నదో లేదో చెప్పగలను. నా పేగు నాకొక్క ముక్క అర్థం కాలేదు.

ఆ స్లైడు పట్టుకుని, ఆ ఆసుపత్రితో ఏ సంబంధమూ లేని, ఇలాంటి స్లైడ్లు చూసి రోగం చెప్పే ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ముందు రిపోర్టు ఏం చెప్పిందో ఆమెకు చెప్పలేదు. ఆమె చూసి, అదే పేరు చెప్పింది. అదే మూడేళ్ళ గడువు చెప్పింది. తర్వాత, ఇంట్లో ఎవరికైనా ఉందా అని ఆమె కూడా అడిగింది. లేదన్నాను.

"ఎవరికీ రాలేదా, లేక వచ్చినా మీకెవరూ చెప్పలేదా?" అంది.

బండి మీద ఇంటికొస్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో ఉంది. మా నాయన పోయేనాటికి నాకు పదేళ్ళు. ఆయన మంచాన పడ్డ నెలల్లో నన్ను వెంకటాచలంలో మా మేనత్త ఇంట్లో ఉంచారు. నాయనకు కడుపులో పుండు అని అమ్మ చెప్పేది. కామెర్లు ముదిరి పోయాడని చిన్నాయన అనేవాడు. ఒక మనిషి రెండు జబ్బులతో ఎలా చనిపోయాడని నలభై ఏళ్ళలో నేనొక్కసారీ అడగలేదు. రైతులు చెప్పే ప్రతి మాటనూ అనుమానించినవాణ్ణి, ఇంట్లో మాటను మాత్రం విన్నది విన్నట్టు నమ్మాను. ఇప్పుడు అడుగుదామంటే అమ్మా లేదు, చిన్నాయనా లేడు. మిగిలింది బుచ్చిరెడ్డిపాలెంలో ఉన్న మా అక్క. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది.

ఆదివారం వెళ్ళాను. బావ వడ్ల కాటా దగ్గరున్నాడు. అక్క అన్నం పెట్టింది. తింటూ, మామూలుగా చెప్పినట్టు చెప్పాను.

"కడుపులో ఏదో చిన్నది ఉంటే తీసేసినారక్కా."

"పెద్దపేగులోనా?" అంది.

నేను పేగు మాటే ఎత్తలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నీకెట్ట తెలుసు?"

ఆమె చారు గిన్నె మీద మూత తీసి మళ్ళీ పెట్టింది.

"నాయనకూ ఆడనే గదా వచ్చింది," అంది చివరికి.

తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. నాయనను మద్రాసు తీసుకుపోయినప్పుడు అమ్మకు తోడుగా వెళ్ళింది అక్కే. పెద్దపేగులో క్యాన్సర్ అని, అది లివర్‌కు పాకిందని అక్కడి డాక్టర్లు చెప్పారు. కామెర్లు వచ్చింది అందుకే. తిరిగొచ్చే రైల్లోనే అమ్మ అక్క చేత ఒట్టు వేయించుకుంది. ఆ రోజుల్లో ఊళ్ళో దాన్ని అంటురోగమనుకునేవాళ్ళు. తెలిస్తే ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరనీ, నాట్లకు కూలోళ్ళు రారనీ అమ్మ భయం. నన్ను మేనత్త ఇంటికి పంపింది కూడా, పిల్లాడు ఎక్కడైనా వాగేస్తాడని. నలభై తొమ్మిదేళ్ళకు నాయన పోయాడు.

"అమ్మ పోయి ఆరేళ్ళయింది గదక్కా. ఇంకెవరి కోసం దాచినావు?"

"దాచాలని దాచలేదబ్బయ్యా. చెప్తే ప్రతి కడుపునొప్పికీ భయపడతావని ఊరుకున్నా. ఊరుకోను ఊరుకోను, చెప్పేదానికి నోరు రాకుండా పోయింది."

నాకు కోపమొచ్చింది. చెయ్యి కడుక్కోవడానికి లేచాను. అప్పుడే కిటికీలో మాత్రల అట్ట కనబడింది. తీసి చూస్తే ఐరన్ మాత్రలు. ఆర్నెల్లుగా నీరసంగా ఉందనీ, రక్తం తక్కువుందని ఇక్కడి డాక్టరు రాశాడనీ అంది. ఆ రక్తం ఎటు పోతోందని ఎవరైనా చూశారా అని అడిగాను. ఎవరూ చూడలేదు. నువ్వు కూడా ఆ పరీక్ష చేయించుకోవాలన్నాను. ఆమె నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూసింది.

"చెప్పలేదని నన్ను భయపెడతా ఉండావా?" అంది.

రెండు వారాలు నా ఫోనెత్తలేదు. నేను ఆసుపత్రివాళ్ళతో కుమ్మక్కయ్యానేమోనని కూడా బావతో అందట. చివరికి బావకు సంగతంతా చెప్పాను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయనకూ ఆ విషయం తెలియదు. మర్నాడు పొద్దున కారు తెచ్చి వాకిట్లో పెట్టి, అక్కను ఎక్కమన్నాడు.

అక్కకు ఉన్నది పులిపిరిలాంటిది కాదు. పేగు మొదట్లో, చాపలాగా పరుచుకున్న పెద్ద పాలిప్. నాకు పరీక్ష చేసిన డాక్టరే అక్కకూ చేశాడు. నేను నాయన సంగతి చెప్పేసరికి ఆయన కలం పక్కన పెట్టాడు. ఆ మాట మొదటి రోజే మిమ్మల్ని అడిగాను కదా అన్నాడు. పాలిప్‌ను ఒక్కసారిగా తీయడం కుదరక ముక్కలు ముక్కలుగా తీశారు. క్యాన్సర్‌కు ఒక్క మెట్టు కింద ఉందని రిపోర్టు. ఆ కాగితం వచ్చిన రోజు అక్క ఏడవలేదు. ఇంకో ఏడాది ఐరన్ మాత్రలు మింగుతూ కూర్చుని ఉంటే ఏమయ్యేదని డాక్టరును అడిగింది. ఆయన సూటిగా చెప్పలేదు. ఆమెకు అర్థమైంది. ఆర్నెల్లకు మళ్ళీ చూశారు. అక్కడ మచ్చ తప్ప ఏమీ లేదు.

మూడేళ్ళకు నేనూ వెళ్ళాను. చిన్నదే, ఇంకోటి మొలిచింది. తీసేశారు. ఇప్పటికీ పొట్టలో కొంచెం గుడగుడమన్నా నా చెయ్యి అక్కడికే పోతుంది. లోపల ఏం మొలుస్తోందో అని. భయం అనను. నమ్మకం లేకపోవడం, అంతే.

పోయిన నెల పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, తాతకు వచ్చిన జబ్బు పేరు పలికి చెప్పాను. నా సంగతీ, అక్క సంగతీ చెప్పాను. నలభై ఏళ్ళు వచ్చేలోపే మీరూ చూపించుకోవాలన్నాను. కూతురు నా రిపోర్టుల ఫైలు తీసుకుని ప్రతి కాగితాన్నీ ఫోన్లో ఫొటో తీసుకుంది. కొడుకు నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"ఇంతేనా నాయనా? ఇంకేం దాచలేదు గదా?" అన్నాడు.

లేదన్నాను. వాడు నమ్మలేదు. డాక్టరును తానే అడుగుతానన్నాడు. నంబరు రాసిచ్చాను.