కరుణ చీరల మూట

భేస్తాన్‌లో మగ్గం నడిపే నాకు టీబీ వచ్చినప్పుడు, విదేశీ సాయంతో నడిచే ఒక సంస్థ నుంచి కరుణ వారం వారం మందులు తెచ్చేది. "వాడకట్టుకు తెలిస్తే ఇజ్జత్ పోతది చెల్లె, చీరలమ్మేదాని లెక్క రా," అన్నాను. ఆరు నెలలూ ఆమె మందులను చీరల మూటలో దాచి తెచ్చింది. నేను బతికాను.

ఆ సాయం ఆగిపోతోందని తెలిశాక, సంస్థను మూయొద్దని రాసిన అర్జీ మీద నా సంతకం అడిగింది. పేరు బయటపడుతుందని పెట్టలేదు. థూ, నా బతుకు!

మొన్న మళ్లీ మూటతో వచ్చింది. పక్కింటివాళ్లు వింటారేమోనని గొంతు తగ్గించి, "నాకు రోగం తక్కువైంది గదా, మళ్ల మందులెందుకు?" అన్నాను.

"మందుల్లేవన్నా, ఆఫీసు మూసిండ్రు," అంటూ మూట విప్పింది. "ఇప్పుడు నిజంగనే చీరలమ్ముతున్న. వదినను జర పిలువన్నా."